తేనెటీగలకు చెప్పిన పేరు

చిరంజీవి టోబియాస్‌కు మీ నాన్న దీవించి రాస్తున్నది. నేనూ మీ అమ్మా బాగానే ఉన్నాం. బ్రిస్టల్‌లో నువ్వూ బాగానే ఉన్నావనుకుంటాను. ఇక అసలు సంగతి. మీ జాబెజ్ మామయ్య పోయాడు. మంగళవారం మట్టిచేశాం.

బడిపంతులు రాసిపెడతానన్నాడు. మా ఇంటి చావు కబురు నేనే రాసుకుంటానని చెప్పి పంపేశాను. అక్షరాలు వంకరగా ఉంటే కూడబలుక్కుని చదువుకో.

పొద్దున్నే పనిపాకలో చక్రం నడిమి కుండకి ఇరుసు కన్నం తొలుస్తూ కూలబడ్డాడట. మీ కెజియా అత్త టీ పట్టుకెళ్ళేసరికి చెక్కపొట్టులో పడి ఉన్నాడు. అది వేసిన కేకకి నేను కొలిమి వదిలేసి పరిగెత్తాను. ఊపిరి లేదు. ఉలి మాత్రం చేతిలోనే ఉంది. ఆ వేళ్ళలోంచి దాన్ని విడిపించడానికి నా బలం చాలింది కాదు. ఇన్నేళ్ళు సమ్మెట కొట్టిన చేతులు నావి.

నీ ఉత్తరంలో అడిగినవాటికి జవాబులు రాయమని మీ అమ్మ పక్కన కూర్చుని పోరుతోంది. దాని దగ్గు తగ్గింది. నా భుజం తగ్గలేదు, తగ్గదు కూడా. నువ్వు పంపిన శాలువా అది చర్చికి తప్ప కప్పుకోవడం లేదు. ఇక మామయ్య నీ మాట ఎప్పుడైనా ఎత్తాడా అని అడిగావు. లేదు. ఒక్కసారి కూడా ఎత్తలేదు. నీకోసం తియ్యగా కల్పించి రాయడం నాకు చేతకాదు.

మామయ్య దగ్గర పని నేర్చుకుంటూ నువ్వు ఎండని పచ్చికర్రతో ఆకుపుల్ల వేసిన ఆ చక్రాన్ని, పిండిమిల్లు కూంబ్స్ చూస్తుండగా, మామయ్య గొడ్డలితో చీల్చినరోజు నువ్వెళ్ళిపోయావు. ఆ తర్వాత నాకూ ఆయనకీ కూడా మాటల్లేవు. ఆయన చేసిన చక్రానికి నేను ఇనుప పట్టా వెయ్యాలి, నేను లేకుండా ఆయనకి గడవదు, ఆయన లేకుండా నాకు గడవదు. అందుకని నిప్పు చుట్టూ నిలబడి "పట్టు", "వదులు", "నీళ్ళు పొయ్యి" అనుకునేవాళ్ళం. ఆ మూడు మాటలతోనే ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాం.

ఊరందరికీ శవపెట్టెలు చేసిన మనిషి తన పెట్టెకి ఎల్మ్ చెక్క పలకలు తానే కోసి అటక మీద దాచుకున్నాడు. పక్కఊరి వడ్రంగి వచ్చి మేకులు కొట్టిపోయాడు. టౌన్ నుంచి ఒకడు తలకి నల్ల ఈకలు కట్టిన గుర్రాలతో శవాలు మోసే అద్దాల బండి తోలుకొచ్చాడు. మీ అత్త గుమ్మంలోనే ఆపేసింది.

"ఎవరు పిలిచారయ్యా నిన్ను? నా మొగుడు పరాయివాడి చక్రాల మీద ఎక్కడు. తిప్పు, తిప్పు!"

కూంబ్స్ తన పిండిబండి కడిగి పట్టుకొచ్చాడు. అది మామయ్య చేసిందే, పట్టాలు నావే. పెట్టె ఎక్కించి బయల్దేరాం. మన ఊరివాళ్ళే కాదు, చుట్టుపక్కల బండి ఉన్న ప్రతి రైతూ వచ్చాడు. చర్చి గంట తప్ప చప్పుడు లేదు. సరిగ్గా వాగు దాటగానే వెనక చక్రం కిర్రుమంది.

ఇంకో నాలుగడుగులు వేసి చూశాను. మళ్ళీ కిర్రు. చెయ్యెత్తి ఆపించాను.

పాదిరిగారు వెనక్కి తిరిగి, "గిడియన్, ఇప్పుడా?" అన్నారు.

"ఇప్పుడే. బతికుండగా ఈ చప్పుడు వింటే బండివాణ్ణి దింపి చెవి మెలిపెట్టేవాడు. కిర్రుమంటూ తీసుకెళ్ళి గోతిలో దింపుతారా?"

కూంబ్స్ తల దించుకున్నాడు. "బండి కడిగే హడావిడిలో కందెన మర్చిపోయాను గిడియన్. మా అమ్మమీద ఒట్టు."

"ఒట్లు తర్వాత. డబ్బా తియ్యి."

ఆదివారం కోటుతోనే బండికింద దూరి ఇరుసుకి కందెన రాశాను. మీ అమ్మ ఆ కోటు ఇప్పటికీ ఉతుకుతూనే ఉంది. అక్కణ్ణించి స్మశానందాకా చక్రం చప్పుడు చెయ్యలేదు. అదొక్కటే ఆ రోజు సవ్యంగా జరిగిన పని.

తిరిగొచ్చి రొట్టె, బీరు తీసుకుంటుంటే దొరగారి గుమాస్తా టోపీ చేత్తో పట్టుకుని మీ అత్త దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, మీకు తెలియనిది కాదు. చక్రాల పని చేసే మనిషికే ఆ ఇల్లూ పాకా. కోతలయ్యేదాకా ఉండండి. ఆ తర్వాత టౌన్ నుంచి మనిషి వస్తాడు."

"ఆయన మీద పోసిన మన్నింకా తడారలేదు బాబూ," అంది అది. బీరు గ్లాసులు కడగడానికని పెరట్లోకి వెళ్ళి, వెళ్ళినదల్లా ఒక్క అరుపు అరిచింది.

"అన్నయ్యా! తేనెటీగలకి ఎవరు చెప్పారు?"

ఎవరూ చెప్పలేదు. నేను చెప్పుంటానని అది అనుకుంది, అది చెప్పుంటుందని నేననుకున్నాను. యజమాని పోతే ముందు వాటికి చెప్పి, తర్వాత గంట కొట్టించాలి, లేకపోతే అవి గూడొదిలి పోతాయి. మేం గంట కొట్టించాం, గొయ్యి పూడ్చాం, పెరట్లోకి మాత్రం తొంగిచూడలేదు. ఎండ కాస్తున్నా ఒక్క ఈగ పువ్వుమీదికి పోలేదు. మామయ్య వాటిని పెంచిన గడ్డిబుట్టల మూతుల దగ్గర ముద్దకట్టి కదలకుండా ఉన్నాయి.

"నువ్వెళ్ళు అన్నయ్యా. నావల్ల కాదు."

"వెళ్తాను. కొత్త యజమాని ఎవరని చెప్పను?"

"ఎవరున్నారని చెప్తావు?" అని శాలువా కొస నోట్లో కుక్కుకుంది. "నన్ను గెంటేరోజునే వాటినీ గెంటుతారని చెప్పు."

తట్టడానికి ఇంటి తాళంచెవి, బుట్టలకి కట్టే నల్లగుడ్డ, వాటి వాటాగా రొట్టెముక్క, బీరు చుక్క పట్టుకుని వెళ్ళాను. ఇన్నేళ్ళలో ఆ పెరట్లో నేను అడుగుపెట్టలేదు. మోకాళ్ళ మీద కూర్చుంటే అప్పుడు కనబడింది. ఆ బుట్టలు పెట్టింది బల్లమీద కాదురా. గుంజమీద పడుకోబెట్టిన చక్రం మీద. తడిమి చూశాను. పట్టా అతుకు నాది. నా అతుకు నేను గుర్తుపట్టనా? అంచున చీలిన పూటీ చెక్కని పక్కన ఇంకో చెక్క కట్టి బిగించాడు. ఆకుపుల్లలన్నీ నువ్వు చెక్కినవే. నీ పచ్చికర్ర ఉన్నచోట ఒక్కటి మాత్రం ఆయనది, బాగా ఎండిన ఓక్ కర్ర.

ఇన్నేళ్ళూ రోజూ ఆ చక్రం ముందు నిలబడి ఈగలతో మాట్లాడుకున్నాడన్నమాట. నాతో ఆ మూడు మాటలు. నీ గురించి అవి కూడా లేవు.

ఇప్పుడు రాయబోయేది మీ అమ్మకీ అత్తకీ ఇంకా తెలియదు. తాళంచెవితో బుట్టలమీద తట్టి, "మీ యజమాని జాబెజ్ పోయాడు" అన్నాను. నువ్వు చూసుంటే నవ్వేవాడివి. తర్వాత, "ఇకనుంచి మీ యజమాని నా కొడుకు టోబియాస్. వాడొచ్చేదాకా ఎగిరిపోకండి" అన్నాను.

నిన్నడగకుండా చెప్పాను. అక్కడ రైలుపెట్టెల పనిలో కూలి బాగుంటుందని తెలుసు. రమ్మని బతిమాలడం లేదు, నేను ఎవర్నీ బతిమాలను. ఆ చక్రాల పనికి నువ్వొస్తే మీ అత్తకి ఆ గడప ఉంటుంది, రాకపోతే ఉండదు. మనుషులతో నేను మొరటుగా మాట్లాడి ఉండొచ్చు. ఈగలతో అబద్ధం మాత్రం ఈ వంశంలో ఎవరూ ఆడలేదు.

సాయంత్రానికి అవి మళ్ళీ ఎగరడం మొదలుపెట్టాయి. ఈరోజుదాకా ఉన్నాయి. బుట్టలకి నేను కట్టిన నల్లగుడ్డ వానకి తడిసి బరువెక్కింది. మీ అత్త విప్పుతానంటే వద్దన్నాను. దాన్ని విప్పాల్సింది కొత్త యజమానే.

ఇట్లు,
ఆ గుడ్డ కట్టినవాడు, మీ నాన్న
గిడియన్ పైక్