మూడో ముద్ద

పెనుకొండ, మంగళవారం రాత్రి

అమ్మ పోయి మూడు నెల్లయినా నా చేతులకి ఇంకా తెలీలేదు. ఈ పొద్దు గూడా రాగి సంగటి మూడు ముద్దలే చేసినా. రోజూ మిగిలిన ముద్దని పొద్దున్నే మజ్జిగలో పిసుక్కొని తాగేస్తాండా. నాయన చూసీ చూడనట్టు ఉంటాడు.

సాయంత్రం ఆయనకి హిందూపురం లైబ్రరీ నుంచి తెచ్చిన పుస్తకం చదివి వినిపించినా. నాజీల క్యాంపుల్లో చిక్కుకున్న యూదుల కథలు. అందులో ఒక అక్క, తన చెల్లెలు చచ్చిపోయినాక గూడా, తనకిచ్చిన రొట్టెను రోజూ రెండు ముక్కలు చేసి, చెల్లెలి ముక్కని పక్కన పడుకున్న మనిషికి ఇస్తా ఉంటుంది. అంత నరకంలో గూడా అంత ప్రేమ ఉండాదని వింటే నాయనకి కొంచెం ధైర్యం వస్తుందనుకున్యా. చదివే నాకే రాలేదు, వినే ఆయనకి యాడ వస్తుంది?

"ఆ పక్క మనిషి గూడా పోతే ఎవురికిచ్చిందంటమ్మా?" అని అడిగినాడు.

పుస్తకంలో అది లేదు. నాకు కోపమొచ్చి మూసేసినా. ఆ యమ్మి పక్కన రోజుకొకరు మారిపోయి ఉంటారా అని అప్పట్నుంచి అదే ఆలోచన...

సంగటికి కూచున్నాక నాయన మూడో ముద్దని తుంచి, సగం నా తట్టలో పెట్టి సగం ఆయన పెట్టుకున్యాడు. ఇద్దరమూ తిన్యాము. చెయ్యి కడుక్కుంటా, "రేపట్నుంచి రెండే చెయ్యి" అన్యాడు.

సరే అన్యా. రెండు ముద్దలకి ఎసరు ఎంత పెట్టాలో అమ్మ నాకు చెప్పనేలేదు.