బడిలో బిందు, గుడిలో ఏంజెల్

ఏలూరు,
సోమవారం.

ప్రియమైన నాయనమ్మకు ఏంజెల్ వందనాలు.

ఫోన్ చేస్తే "ఊఁ" అని పెట్టేస్తున్నావు. పక్కన అమ్మ వింటోందని నీ అనుమానం. అందుకే కాగితం మీద రాస్తున్నాను. ఉత్తరమైతే కళ్లజోడు వెతుక్కుని మరీ రెండుసార్లు చదువుతావు. కోపమొస్తే తిట్టుకో, కానీ చివరిదాకా చదువు.

నేను అనంతపురం వెళ్లడం లేదు. డాక్టరు చదువూ వద్దు, ఆ సీటూ వద్దు. వచ్చే సోమవారం లోపు చేరాలన్నారు, చేరను. అమ్మకింకా చెప్పలేదు. ముందు నీకే చెబుతున్నాను.

నాన్నని మట్టి చేసిన రోజు నా కళ్లముందు నుంచి పోవడం లేదు. నాకు సీటొచ్చింది ఎస్సీ కోటాలో. మనం గుడికి, అదే చర్చికి, వెళ్లే వాళ్లమని ఎవరో పిటిషన్ పెట్టారు. క్రైస్తవులమని తేలితే సర్టిఫికెట్ పోతుంది, దాంతోపాటే సీటూ పోతుంది. అందుకని పాస్టరు అహరోను అయ్యగారిని ప్రార్థనకి రావద్దన్నాం. పెట్టె మీద శిలువ గుర్తు కూడా లేదు. అన్నేళ్లు గుడి గంట కొట్టిన మనిషిని దొంగసరుకు దించినట్టు దించాం. ఎవడు సెల్‌ఫోన్లో తీస్తాడోనని అమ్మ నలువైపులా చూస్తూనే ఉంది. నువ్వు ఉండబట్టలేక పాట ఎత్తుకున్నావు. పల్లవి కూడా అవలేదు, అమ్మ గబుక్కున వచ్చి అరచేత్తో నీ నోరు మూసింది. కొడుకు గోతిలో ఉండగా తల్లి నోరు మూసేశాం నాయనమ్మా! అమ్మని ఏమీ అనకు. ఆ చెయ్యి అమ్మదే గానీ, మూసింది నా సీటు కోసం.

చిన్నప్పుడు ఇదంతా ఆటలా ఉండేది. "బడిలో బిందువి, గుడిలో ఏంజెల్‌వి, తికమక పడకే తల్లీ" అనేవాడు నాన్న. ఆయన రేషన్ కార్డులో పాపారావు, గుడిలో నెల్సన్. సర్టిఫికెట్ ఫొటోకి నా నుదుట బొట్టు పెట్టించి, స్టూడియో మెట్లు దిగగానే తన తువ్వాలుతో తుడిచేశాడు. తుడుస్తూ నవ్వాడు గానీ నాకు ఆ నవ్వు నచ్చలేదు. ఈ ఆటలో చేరనిది నువ్వొక్కదానివే. రేషన్ డిపోలో "శేషారత్నం!" అని ఎంత అరిచినా పలికేదానివి కాదు. "ఆ పేరుగలావిడ బాప్తిస్మం నీళ్లలోనే పోయింది బాబూ, నేను ఎలిజబెత్‌ని" అనేదానివి. డీలరు తల పట్టుకునేవాడు.

గుడి మారితే కులం పోయినట్టేనంట. మరి పనిచేసే చెరువు గట్టు మీద నాన్నకి టీ చివరిదాకా వేరే గ్లాసులోనే పోశారు కదా? చర్చికెళ్తున్నాడని ఎవరైనా మంచి గ్లాసు ఇచ్చారా? తలుచుకుంటే ఒళ్లు మండిపోతోంది.

రూబెన్ మావయ్య పోసిన సిమెంటు శిలువ నీ పెరట్లో గోనెపట్టా కింద పడి ఉంది. దాని మీద నెల్సన్ అని రాయించుకున్నావు. ఇక్కడ రెండు రోజుల నుంచి ఒకటే వాన. కలిదిండిలో కూడా అంతేనట. అటూ ఇటూ చేపల చెరువులు, మధ్యలో మన సమాధులు. ఆ మట్టిదిబ్బ కరిగిపోతే నాన్న ఎక్కడున్నాడో మనకే తెలీదు. శనివారం వస్తాను. ఇద్దరం కలిసి శిలువ నిలబెడదాం. పాట మొదటినుంచీ పాడు. ఎవరు ఆపుతారో నేనూ చూస్తాను.

నీ ఏంజెల్.


కలిదిండి,
గురువారం.

బిందుకి,

ఈ పేరు రాయడానికి చెయ్యి తిరగలేదు. ఇక మీదట ఇదే.

నీ ఉత్తరం నిన్న అందింది. ఆ పిటిషన్ మీద విచారణ సారు మొన్ననే వచ్చి వెళ్లాడు. ఒక్క రోజు ముందు అందుంటే నేనేం చేసేదాన్నో దేవుడికే తెలియాలి.

ఆ పొద్దున్నే పక్కింటి దుర్గాభవాని పరిగెత్తుకుంటూ వచ్చి "మామ్మగారూ, వీధి మొదట్లో జీపు ఆగిందండీ, మీ ఇల్లే అడుగుతున్నారండీ" అంది. గోడకున్న బైబిలు వాక్యాల క్యాలెండరు తీసి బియ్యం డబ్బాలో కుక్కాను. ఆ మేకుకే ఆ పిల్ల తన ఇంట్లోని అమ్మవారి పటం తెచ్చి తగిలించింది. నా నుదుట ఇంత విబూది రాసింది.

పెరట్లో శిలువ ఉంది కదా, దాన్నెక్కడ దాచను? నలుగురు మోసుకొచ్చిన బరువది. రూబెన్ దాన్ని బోర్లా పడుకోబెట్టి వెళ్లడమే మంచిదైంది. దాని చేతులు రెండూ బురదతో కప్పేశాను. మీ నాన్న లుంగీ దాని మీదేసి, సబ్బు రాసి, బాదుతూ కూర్చున్నాను.

"ఏంటమ్మా అది?" అన్నాడు ఆ సారు. బట్టలుతికే బండండీ అన్నాను. చర్చికి వెళ్తారా అంటే మాకెందుకండీ అయ్యన్నీ అన్నాను. పేరడిగాడు. శేషారత్నమండీ అన్నాను. పేతురూ ప్రభువుని ఎరగనని మూడుసార్లే బొంకాడు. తప్పు గుర్తు చేయడానికి ఆయనకి కోడైనా కూసింది. హిందువులమని రాసుకున్నాడు. మంచినీళ్లిస్తే మాత్రం మన గ్లాసు ముట్టుకోలేదు, జీపులోంచి తన సీసా తెప్పించుకున్నాడు.

ఇప్పుడు తీరిగ్గా వెళ్లనంటున్నావు. చేతులు కాలాక ఆకులెందుకే? నువ్వు మానేస్తే నేను మీ నాన్న శిలువ మీద బట్టలుతికింది ఉత్త పుణ్యానికి అవుతుంది. అది నేను భరించలేను. నోరు మూసుకుని రైలెక్కు.

అయ్యగారికి చెప్పేశాను, ఇక గుడికి రానని, ప్రభువు బల్ల దగ్గర రొట్టె తీసుకోనని. పాపం ఆయన ఏడ్చాడు. మీ అమ్మ మీద నాకు కోపం లేదని చెప్పు. సరోజ ఆ రోజు ఒక్క నిమిషమే మూసింది, మిగతాది నేనే మూసుకున్నాను.

దిబ్బ కరిగిపోతుందని బెంగ పెట్టుకోకు. రోజూ సాయంత్రం వెళ్లి అక్కడే కూర్చుంటున్నాను. నేను కూర్చునే చోటే మీ నాన్న. నేను పోయాక ఆ పక్కనే మట్టి చెయ్యండి. పాట వద్దు. శిలువ మటుకు ఉన్నచోటే ఉండనీ. మొన్నటి నుంచీ దాని మీదే ఉతుకుతున్నాను, మానేస్తే చూసేవాళ్లకి అనుమానమొస్తుంది.

ఈ ఉత్తరం దుర్గాభవాని చేత పంపుతున్నాను. శనివారం రావద్దు. నిన్ను చూస్తే ఏంజెలూ అని పిలిచేస్తాను.

ఇట్లు,
మీ నాయనమ్మ,
శేషారత్నం.