సువార్తమ్మగారి ఓక్ బీరువా

జూలై 3, గురువారం

ముసురు పట్టింది. నా వడ్రంగి కొట్టులో తలుపు చెక్కలన్నీ ఉబ్బి కూర్చున్నాయి. ఎలాగూ పని సాగదని అంతర్వేది రోడ్డులో సువార్తమ్మగారింటికి వెళ్ళాను. కబురు పెట్టి నాలుగు రోజులైంది. బీరువా తలుపు సరిగ్గా పడటం లేదేమో అనుకున్నా... కాదు. ఆ బీరువా విప్పేసి తనకు పెట్టె చేయాలట. శవపేటిక.

మనిషి సగమైపోయారు. డాక్టర్లు ఇంకేం చేయలేమన్నారని చెల్లెలు కరుణగారు గుమ్మం దగ్గరే నెమ్మదిగా చెప్పారు.

"ఏదో డొక్కు చెక్కలో పెట్టి నన్ను పంపకండి మేస్త్రీగారూ. కువైట్‌లో ఇరవై రెండేళ్ళు ఒకే ఇంట్లో పని చేసేను. వచ్చేసేటప్పుడు మేడమ్ ఇచ్చేరిది. ఓక్ అని చెప్పేరు. అవునో కాదో చూడండోసారి."

మస్కట్‌లో ఆరేళ్ళు చెక్కపని చేసొచ్చిన వాణ్ణి, ఇక నా గొప్ప ఊరుకుంటుందా? తలుపు మీద రేఖలు చూసి, "ఆయ్, నిఖార్సయిన ఓక్ అండీ" అనేశాను. అక్కడితో ఆగానా? పాఠం మొదలెట్టాను. పైన్ అయితే గోరు నొక్కితే గుంట పడుతుంది, ఓక్ అయితే మన గోరే విరుగుతుంది. పైన్ తేలిక, కోస్తే జిగురు వాసన. ఓక్ మన నల్లతుమ్మలా మొండిది, బరువు. ఆవిడ వెంటనే బొటనవేలి గోరుతో తలుపు నొక్కి చూశారు. గీత కూడా పడలేదు. ఎంత సంతోషమో ఆ మొహంలో.

మనిషిని కొలవలేదు. బతికున్న మనిషికి పెట్టె కొలత తీయకూడదని మా నాన్న చెప్పేవాడు. ఆవిడ మంచం కొలుచుకుని వచ్చేశాను.

జూలై 4

మా ఆవిడ లక్ష్మి పెద్ద గొడవ. "బతికున్న మనిషికి పెట్టేంటండీ? మీకు గానీ మతి పోయిందా?" అడిగింది ఆవిడే అన్నాను. "అడిగితే మాత్రం!" అంది. మధ్యాహ్నం కూరలో ఉప్పు ఎక్కువైంది... నోరెత్తకుండా తిన్నాను.

జూలై 6

బీరువా వచ్చింది. ట్రక్ ఆటోలోంచి ఇద్దరే దించేశారు. అంత పెద్ద బీరువా — ఇద్దరే. అప్పుడే అనుమానం రావాలి నాకు. రాలేదు. ఓడెక్కి వచ్చిన సరుకు, జాగ్రత్త అని వాళ్ళకి నీతులు చెబుతున్నాను.

జూలై 7

వాన. కరెంటు లేదు. పని లేదు.

జూలై 8

పైన్.

పక్క చెక్క మీద రంపం పెట్టాను, రెండు లాగులు లాగానో లేదో గుప్పున వాసన. టర్పెంటైన్ వాసన. మస్కట్‌లో ఆరేళ్ళు పీల్చిన వాసన, నిద్రలో లేపి చూపించినా చెప్పగలను. ఓక్ కోస్తే పులుపు వాసన రావాలి, పొట్టు గరుగ్గా రాలాలి. ఇది మెత్తగా, పసుపుపచ్చగా, దూదిలా రాలింది. చేయి అక్కడే ఆగిపోయింది.

అన్ని చెక్కలూ చూశాను. వెనకది, పక్కవి, అరలు... అంతా పైన్. కనబడే మొహానికి మాత్రం ఓక్ పొర అతికించారు. ఉల్లిపొర కన్నా కాస్త మందం, అంతే. దాని మీద గాజులాంటి పాలిష్. గోటికి గీత ఎలా పడుతుంది?

తట్టి చూడలేదు. ఎత్తి చూడలేదు. తలుపు అంచు తిప్పి చూడలేదు. పైపై రేఖలు చూసి తీర్పు చెప్పేశాను. నా నోట్లో మన్ను పడ.

జూలై 9

పని ముట్టుకోలేదు. మస్కట్‌లో మేం చేసింది ఇదే కదా. పైన్ పెట్టెకి ఓక్ పొర, అంచులు కనపడకుండా సన్న పట్టీ. షోరూంకి వెళ్ళేసరికి అది ఓక్. ఎవరు కొనుక్కున్నారో, ఎవరికి ఇచ్చుకున్నారో ఏనాడైనా ఆలోచించానా? అతుకు ఎంత బాగా కుదిరిందీ అని చూసుకుని మురిసిపోయేవాణ్ణి.

ఆ మేడమ్‌కైనా తెలుసో లేదో. ఓక్ అనుకునే కొనుక్కుందేమో. అలా అనుకుందాం.

జూలై 10

కరుణగారి ఫోను. "అక్క పెట్టె ఎంతవరకూ వచ్చిందో కనుక్కోమంటందండి. రెండ్రోజుల్నుంచీ అన్నం ముట్టట్లేదు."

"ఆయ్, అవుతోందండి" అన్నాను. పక్క చెక్క ఒక్కటి కోసి వదిలేసినవాణ్ణి.

జూలై 12

చెప్పేద్దామనే వెళ్ళాను. దారంతా మాటలు కూర్చుకుంటూనే వెళ్ళాను — సువార్తమ్మగారూ, పొరపాటు నాది, అది పైన్ అండీ, కావాలంటే నా దగ్గర పాత టేకు ఉంది, దాంతో చేస్తాను...

నన్ను చూడగానే లేచి కూర్చున్నారు. బీరువా తీసేసిన చోట గోడ తెల్లగా ఉంది. దాన్ని చూస్తూ చెప్పుకొచ్చారు. "ఇరవై రెండేళ్ళలో మేడమ్ నన్ను పేరెట్టి పిలవలేదండి. ఏయ్ అనేది, లేకపోతే చప్పట్లు కొట్టేది. వచ్చేసే రోజు మాత్రం ఈ బీరువా మీద చెయ్యేసి, సువార్తా, ఇది ఓక్, నీలాగే గట్టిది, తీసుకెళ్ళు అంది. పేరు తెల్సన్నమాట! ఓడలో రావడానికి నాలుగు నెలలు పట్టిందండి. వచ్చేదాకా నాకు నిద్రుంటే ఒట్టు."

మీరే చెప్పండి ఇప్పుడు ఏం చెప్పాలో — ఎవర్ని అడుగుతున్నాను? కాగితాన్ని. కరుణగారిచ్చిన టీ తాగి వచ్చేశాను. పిరికి వెధవని.

జూలై 13

లక్ష్మికి చెప్పాను. "చెప్పకండి" అంది. "పోయే మనిషి దగ్గర ఇరవై రెండేళ్ళు లాక్కుంటారా?"

అబద్ధం కదే అన్నాను. "అయితే అయింది" అంది.

జూలై 14

తలుపుల మీది ఓక్ పొర ఊడదీశాను. తడిగుడ్డ పరిచి, ఇంట్లో ఇస్త్రీపెట్టెతో వేడి చేసి, సన్నటి రేకు దూర్చి, అంగుళం అంగుళం. లక్ష్మే రెండో కొస పట్టుకుంది. బతికున్న మనిషికి పెట్టేంటని తిట్టిన మనిషి! ఒక్క చోటే చిరిగింది.

జూలై 15

పైన్ చెక్కలకి చిత్రిక పట్టి పెట్టె బిగించాను. మూతకి ఓక్ పొర అతికించాను. అతుకు ఎక్కడుందో నాకే కనబడలేదు. చెయ్యి ఏమీ మరిచిపోలేదు.

కుదిరింది. ఛీ.

జూలై 17

ఆటోలో వచ్చారు! నేను కొట్టులో పాలిష్ డబ్బా మూత తీస్తున్నాను. "అక్క చూస్తానని ఒకటే గొడవండి" అంటూ కరుణగారు, ఆవిడ భుజం మీద వాలిపోయి సువార్తమ్మగారు. కుర్చీ వేశాను. కూర్చోలేదు.

పక్కన ఆనించిన పెట్టె మూతని అరచేత్తో నిమిరారు. ఈ కొసనుంచి ఆ కొసకి. "ఎంత బావుందో." నా గుండె కొంచెం కుదుటపడింది. అప్పుడు చెయ్యి పెట్టె లోపలికి పోనిచ్చారు. పక్క చెక్క మీద బొటనవేలు ఆగింది. గోరు నొక్కారు. నేను చూస్తూనే ఉన్నాను. నేర్పింది నేనే కదా.

వేలు తీసి, ఆ చోటే చూస్తూ ఉండిపోయారు.

"లోపలేం పరుస్తారండి?"

"తెల్లగుడ్డ అండీ. చుట్టూ మేకులు కొడతాను."

"అయితే కనబడదు లెండి."

కరుణగారికి ఏమీ అర్థం కాలేదు. ఆటో దాకా నేనూ పట్టుకుని నడిపించాను. చెయ్యి చిన్నపిల్ల చెయ్యిలా ఉంది. ఎక్కాక అడిగారు, "మూత గట్టిదేనాండీ మేస్త్రీగారూ?"

"ఆయ్" అన్నాను.

జూలై 18

లోపల గోటి గుర్తు. నెలవంకలా. చిత్రిక రెండుసార్లు లాగితే పోతుంది. తీసుకుని వెళ్ళి పెట్టె ముందు నిలబడ్డాను... లాగలేదు. లక్ష్మి గుడ్డ కుట్టి తెచ్చి ఇచ్చింది, మేకులతో కొట్టలేదు. ఆవిడకి తెలిసిపోయింది. తెలిసీ అడిగారు. నేను తెలిసీ ఆయ్ అన్నాను. ఆవిడ మన్నించి ఊరుకున్నారా, నా నోటితో చెబుతానేమోనని చూశారా?

పొద్దున్నే వెళ్ళి చెప్పేస్తాను. ఏమైతే అయింది.

జూలై 19

వెళ్ళాను. నిద్రపోతున్నారు. ఊపిరి సన్నగా ఆడుతోంది. "లేపమంటారాండీ?" అన్నారు కరుణగారు.

వద్దన్నాను. గంటసేపు కూర్చుని వచ్చేశాను.

గుడ్డ ఇంకా కొట్టలేదు.