మూడడుగులు వెనక్కి

అన్నా,

నువ్వు పోయాక ఇబ్రహీంపట్నంలో మొదటిసారి మళ్లీ ఆడపిల్లల పరుగుపందెం పెట్టాం. సున్నం డబ్బా నా చేతికిచ్చారు. నీలాగే ఒక్కొక్కరికీ వేరే గీత గీశాను. అందరికీ గెలిచే వీలుండాలంటే గట్టిగా పరుగెత్తేవాళ్లు వెనక నుంచి, నెమ్మదైనవాళ్లు ముందు నుంచి బయలుదేరాలి. ఎడమకాలు ఈడ్చే నా బిడ్డ రమ్య గీతను మాత్రం, మనసొప్పక, ఇంకో ఇరవై అడుగులు ముందుకు జరిపాను.

రమ్య గెలిచింది. సగం దూరం నడిచే గెలిచింది. ఇక అందుకోలేమని మిగతా పిల్లలు మధ్యలోనే ఆగిపోయారు. బహుమతిగా వచ్చిన స్టీలు డబ్బాను నా ముందు పడేసి, "నన్ను ఉరకనియ్యలే గదమ్మా" అంది.

పోయినేడు నువ్వు దాని గీతను మూడడుగులు వెనక్కి జరిపావు. "కాలు బాగలేని పిల్లకు గిట్ల చేస్తవా? నీకు మనసున్నదా?" అని అందరి ముందూ అరిచాను.

"అది ముందటికన్న మంచిగ ఉరుకుతున్నది. నువ్వే చూస్తలేవ్ చెల్లె" అన్నావు.

ఆ రోజు నుంచి నీతో మాట్లాడలేదు. నువ్వు దవాఖానలో ఉన్నా రాలేదు.

పందెం అయ్యాక రమ్య నా గీతను కాలితో చెరిపేసింది. "మామ ఉంటే ఈసారి యాడ గీస్తుండె?" అని అడిగింది.

నాకు తెలియదన్నా. అది ఎంత ఉరుకుతుందో నేనేనాడూ చూడలేదు.