కారులోంచి చూసిన స్థలం

ఆదివారం రాత్రి, ధర్మవరం

నిన్నటి వానకు పెనుకొండ దగ్గర ప్లాటు ఎలా ఉందో చూద్దామని పొద్దున నేనూ సరోజా వెళ్ళాం. హద్దురాళ్ళు కనబడలేదు. మోకాటి లోతు నీళ్ళు. అక్కడ గేదెలు మేపుతున్న ఆయన, "చెరువు నిండితే నీళ్ళన్నీ ఈడికే వస్తాయప్పా, ఎప్పుడూ అంతే" అన్నాడు. నాకేమీ అనిపించలేదు. నీళ్ళలో ఒక కొంగ నడుస్తుంటే చూస్తూ నిలబడ్డాను.

"కొనేటప్పుడు దిగి చూసినావా నువ్వు?" అంది సరోజ.

నేతవాళ్ళు తెచ్చిన ప్రతి పట్టుచీరనూ మడత విప్పి, వెలుగుకు పట్టి, తిరగేసి చూశాకే అంగట్లోకి తీసుకుంటాను. ఈ స్థలాన్ని మాత్రం మండుటెండలో, ఏజెంటు ఏసీ కారులోంచి కాలు కింద పెట్టకుండానే చూశాను.

సాయంత్రం హిందూపురం నుంచి సరోజ తమ్ముడు ఫోన్ చేశాడు.

"బావా, నీ పక్క ప్లాటుకు రేపు అడ్వాన్సు ఇస్తాండా."

"వాన పడినాక ఒకసారి పోయి, దిగి నడిచి చూడప్పా."

వాడు నవ్వాడు. "నువ్వు చూసినావు కదా బావా, నాకదే చాలు."

సరోజ పక్కనే నిలబడి వింటోంది. అప్పుడైనా చెప్పాల్సింది.

"ఊఁ" అన్నాను.