తడిస్తే ఆగని సైకిల్

జూన్ 9, సోమవారం

నడిచింది. కాలేజీ గ్రౌండ్ చుట్టూ పదకొండు రౌండ్లు, ఎక్కడా మొరాయించలేదు. వెనక చక్రంలో మోటారు, హ్యాండిల్ కింద చిన్న రాడార్. బ్రేకుకి వైరు లేదు. లీవరు నొక్కితే సిగ్నల్ వెళ్తుంది, మోటారు ఆగుతుంది, చక్రం బిగుసుకుంటుంది. "వైరే లేకపోతే ఇంక తెగేదేముందండీ" అని హెచ్ఓడీ గారు మురిసిపోయారు. ముందు చక్రానికి పాత రకం బ్రేకు ఒకటి ఉంచుదామని మొదట అనుకున్నాం. చూడ్డానికి బాగోలేదని నేనే తీయించేశాను.

ఇంకో పదేళ్ళకి సైకిళ్ళన్నీ ఇలాగే ఉంటాయి. గుంత వస్తే ముందే చూసి నెమ్మదిస్తాయి. ఎదురుగాలి ఎంతుందో, తొక్కే మనిషి ఎంత అలిసిపోయిందో కనిపెట్టి, అంతమేరకే సాయం చేస్తాయి. భీమవరంలో ఒక కాలేజీ ల్యాబ్‌లో ఇది మొదలైందంటే... ఎవరైనా నవ్వితే నవ్వనీ.

ల్యాబ్ అటెండర్ రత్నం గారు గుమ్మం దగ్గర నిలబడి చూశారు.

జూన్ 11

ఇరవై ఆరున సైకిల్ కంపెనీ వాళ్ళు చూడ్డానికి వస్తున్నారు. ఈలోపు బయట రోడ్డు మీద, మామూలు మనిషి, రోజూ తొక్కిన రికార్డు కావాలట. గ్రౌండ్‌లో నేను తిప్పితే చాలదట.

రత్నం గారిని అడిగాను. యాభై రెండేళ్ళు. వాళ్ళ ఊరి నుంచి కాలవగట్టు మీద రానూ పోనూ పదహారు కిలోమీటర్లు, ఎన్నో ఏళ్ళుగా అదే పాత సైకిల్.

"నాకెందుకండి మేడమ్, నా సైకిల్ నాకు అలవాటే కదా."

వదల్లేదు. మీలాంటి వాళ్ళ కోసమే చేశాం అన్నాను. మోకాళ్ళ నొప్పి సంగతి ఎత్తాను. ఆవిడ కాసేపు చీర చెంగు వేలికి చుట్టుకుంటూ నిలబడి — "మీరంతగా చెప్తుంటే కాదంటానా అండి."

ఒప్పుకున్నారని ఎంత సంతోషపడ్డానో.

జూన్ 14

"గాలి ఎదురొచ్చినా వెనకాల నుంచి ఎవరో చెయ్యేసి తోసినట్టుందండి." రత్నం గారి మొహంలో నవ్వు. పావుగంట ముందే వచ్చేశారు. మోకాళ్ళు పట్టెయ్యలేదట.

ఆదివారం చర్చికి కూడా వేసుకెళ్ళొచ్చా అని అడిగారు. హార్మోనియం వాయించేది ఆవిడే. పెళ్ళికి ముందు నుంచీ. వేసుకెళ్ళండి అన్నాను.

జూన్ 18

తడి పరీక్ష. ఆవిడ సాయంత్రం ఇంటికి బయల్దేరే లోపు గంటన్నర టైముంది. బ్రేకు లీవరు మీద, మోటారు మీద నీళ్ళు చిమ్మి, చక్రం తిప్పి, లీవరు నొక్కాలి. ఒకటి, రెండు, మూడు — బాగానే ఆగింది.

నాలుగోసారి ఆగలేదు.

అంటే, వెంటనే ఆగలేదు. లీవరు నొక్కి పట్టుకున్నాను, మోటారు తిరుగుతూనే ఉంది. రెండు సెకన్లుంటుందేమో. తర్వాత ఆగింది. ల్యాబ్‌లో నేనొక్కదాన్నే ఉన్నాను. గుడ్డతో తుడిచి మళ్ళీ చూశాను, బాగుంది. ఇంకోసారి, బాగుంది.

కాగితం మీద నాలుగు గళ్ళు. నాలుగింట్లోనూ పాస్ అని రాశాను.

రత్నం గారు వచ్చి, బ్యాగు తగిలించుకుని, వెళ్ళొస్తానండి మేడమ్ అని అదే సైకిల్ మీద వెళ్ళారు. గేటు దాటేదాకా చూస్తూ నిలబడ్డాను. పిలవలేదు.

జూన్ 19

ఎండ. ఇప్పట్లో వాన పడేట్టు లేదు. కంపెనీ వాళ్ళు వచ్చి వెళ్ళాక, లీవరు సిగ్నల్‌ని మోటారుకి కలిపే కనెక్టర్ మార్చేస్తాను, నీళ్ళు దూరేది అందులోకే. వారం. ఒక్క వారమే కదా.

జూన్ 23

పొద్దుటి నుంచి మబ్బు. మధ్యాహ్నం నాలుగు చినుకులు. ఇవాళ్టికి సైకిల్ ఇక్కడే ఉంచేసి ఆటోలో వెళ్ళండి అని చెబుదామని లేచాను. ఎందుకని అడిగితే ఏం చెప్పాలి? కూర్చున్నాను.

జూన్ 24, మంగళవారం

రాత్రంతా వాన పడింది. పొద్దున్న తొమ్మిదైనా రత్నం గారు రాలేదు. తొమ్మిదిన్నరకి వాళ్ళమ్మాయి ఫోన్.

కాలవ లాకుల దగ్గర మలుపులో పడ్డారు. గడ్డిమోపుతో ఒకామె రోడ్డు దాటుతోందట. ఈవిడ బ్రేకు పట్టుకున్నారు. సైకిల్ ముందుకే పోయింది. ఆమెకి తగలకుండా పక్కకి తిప్పారు. చెయ్యి కింద పెట్టి పడ్డారు. కుడి మణికట్టు రెండు చోట్ల విరిగింది.

ఆస్పత్రికి వెళ్ళాను. నన్ను చూడగానే లేవబోయారు.

"సైకిల్‌కి ఏమన్నా అయిందా మేడమ్? ఎల్లుండే కదండీ వాళ్ళు వచ్చేది."

ఏం కాలేదన్నాను.

"నేనే కంగారు పడ్డానండి. బ్రేకు సరిగ్గా నొక్కలేదేమో. పాత బండికి అలవాటైన చేతులు కదా నావి."

తల ఊపాను. ఎందుకు ఊపాను.

జూన్ 26

వచ్చారు. చూశారు. పొడి నేల మీద సైకిల్ ఎంత చక్కగా ఆగిందో. వాళ్ళు చప్పట్లు కొట్టారు.

పడిన సంగతి అడిగారు. "ఆవిడ కొంచెం తడబడ్డారండి, పెద్దావిడ" అన్నారు హెచ్ఓడీ గారు. ఆయనకి తెలిసింది అంతే. నా వైపు చూశారు, ఏమన్నా కలుపుతానేమోనని. నేను కలపలేదు.

రిపోర్టులో ఒక వాక్యం: నడిపిన వ్యక్తి పొరపాటు. కింద నా సంతకం.

జూన్ 29, ఆదివారం

రత్నం గారింటికి వెళ్ళాను. కమలాలు తీసుకెళ్ళాను. కమలాలు.

చెయ్యి మోచేతి దాకా కట్టు. ఇవాళ చర్చిలో హార్మోనియం వాయించలేదట, అందరూ ఉత్తి గొంతులతోనే పాడారట. "స్వరం ఎక్కడికో పోయిందండి, నవ్వొచ్చింది నాకు" అని, నవ్వలేదు.

కట్టు చివర వేళ్ళు వాచి ఉన్నాయి. ఉంగరం వేలు, చిటికెన వేలు కదలడం లేదు. డాక్టరు గారు చూద్దాం అన్నారట.

వచ్చేస్తుంటే వాళ్ళమ్మాయి గేటు దాకా వచ్చింది. "అమ్మ రోజూ అదే అంటోందండి, మేడమ్ నమ్మి ఇచ్చారు, నేనే పాడు చేశానని. మీరు ఒకసారి చెప్పండి, మీరు చెప్తే వింటుంది."

జూలై 2

సైకిల్‌లో మెమరీ కార్డు ఉంటుంది. మోటారు ఎప్పుడు తిరిగిందీ, లీవరు ఎప్పుడు నొక్కిందీ అన్నీ అందులో పడతాయి. ఎనిమిది రోజులుగా దాన్ని ముట్టుకోలేదు. ఇవాళ చూశాను.

ఆవిడ బ్రేకు నొక్కారు. సరైన టైముకే నొక్కారు. వదిలి మళ్ళీ నొక్కారు, ఇంకా గట్టిగా. మోటారు మూడు సెకన్లు అలాగే తోస్తూ ఉంది.

కనెక్టర్ విప్పితే లోపల పచ్చగా చిలుం.

మూడు సెకన్లు ఆవిడ ఏమనుకుని ఉంటారు? కార్డులో అది ఉండదు.

జూలై 4

హెచ్ఓడీ గారికి చెప్పాను. కార్డులో ఉన్నది చూపించాను. తడి పరీక్ష కాగితం కూడా.

చాలాసేపు చూశారు. "ఇది మీకు పద్దెనిమిదినే తెలుసా?"

తెలుసండి.

కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. అరవలేదు. అరిచినా బాగుండేది. "నాతో ఒక్క మాట అంటే ఆ రోజే ఆపేసేవాళ్ళం కదమ్మా."

అవును. ఆపేసేవారు. ఆయన అలాంటి మనిషే. అందుకే చెప్పలేదేమో.

నిజం రిపోర్టు రాసి ఇమ్మన్నారు. రాసిచ్చాను. కంపెనీకి పంపేది లేనిదీ ప్రిన్సిపాల్ గారు తేల్చాలట.

జూలై 5

వెళ్ళాలి. వెళ్ళలేదు.

జూలై 6, ఆదివారం

వెళ్ళాను. చర్చి నుంచి అప్పుడే వచ్చారు. అరుగు మీద కూర్చున్నాం.

మీ తప్పేం లేదు రత్నం గారూ, మీరు సరిగ్గానే నొక్కారు, అది ఆగలేదు. ముందు ఇది చెప్పాను. ఆవిడ మొహం తేటపడింది. "నిజమేనాండి? నేను నొక్కానాండి?" అని రెండుసార్లు అడిగారు. లోపలున్న కూతుర్ని కేకేసి, విన్నావా అన్నారు.

అక్కడితో ఆపేసి వచ్చేయొచ్చు. ఆపేద్దామని కూడా అనిపించింది.

తడిస్తే ఆగదని నాకు ముందే, పద్దెనిమిదో తేదీ సాయంత్రమే తెలుసు, అన్నాను.

అర్థం కాలేదు మొదట. తర్వాత అయింది. కూతురు గుమ్మంలో అలాగే నిలబడిపోయింది. ఆవిడ కట్టు ఉన్న చేతిని ఒళ్ళోకి తీసుకున్నారు, ఎవరో లాక్కుంటారేమో అన్నట్టు.

"ఆ సాయంత్రం గేటు దాటేదాకా నిలబడి చూశారు కదండీ నన్ను. మేడమ్ ఏంటి ఇవాళ ఇంత ప్రేమగా చూస్తున్నారు అనుకున్నాను."

టీ ఇచ్చారు. తాగాను.

ఆగస్టు 11, సోమవారం

రత్నం గారు డ్యూటీలో చేరారు. బస్సులో వచ్చారు. కట్టు తీసేశారు. ఉంగరం వేలు వంగుతోంది, చిటికెన వేలు వంగడం లేదు. నమస్కారమండి అన్నారు. మేడమ్ అనలేదు.

ఆగస్టు 13

కంపెనీకి రిపోర్టు వెళ్ళిందో లేదో ఎవరూ చెప్పడం లేదు. రెండుసార్లు అడిగాను. చూస్తున్నాం అంటున్నారు. రెండో సైకిల్ ఫ్రేమ్ మాత్రం వచ్చేసింది. ఈసారి ముందు చక్రానికి వైరు బ్రేకు ఉండాల్సిందేనని పట్టుబట్టాను. కనెక్టర్‌కి నీళ్ళు దూరని తొడుగు. ముప్ఫై తడి పరీక్షలు, పక్కన ఇంకో మనిషి ఉండగా.

రత్నం గారు బల్లలు తుడుస్తూ ఫ్రేమ్ దగ్గర ఆగారు.

"దీన్ని ఎవరికి ఇస్తారండి?"

ఇంకా అనుకోలేదండి.

"వాళ్ళకి అన్నీ చెప్పే ఇస్తారా?"

చెప్తానండి, అన్నాను.

నా మొహంలోకి చూశారు, కాసేపు. కోపం లేదు. కోపం కోసం వెతుక్కున్నాను, లేదు. "నాకూ చెప్పేవారేమోలెండి. నాకే అడగాలని తెలీలేదు" అని పక్క బల్ల దగ్గరికి వెళ్ళిపోయారు.

అడిగి ఉంటే చెప్పేదాన్నా?

నేను తప్ప ఎవరూ చూడని ఈ కాగితం మీద కూడా, అవును అని రాయడానికి చెయ్యి రావడం లేదు.