మైనంలో దాచిన ముక్క

పుంగనూరు,
16 ఆగస్టు 2009.

చిరంజీవి సుమలతకు అక్క దీవెనలు. అందరం బాగున్నామని మొదట రాయాలి కాబట్టి రాస్తున్నాను. బెంగళూరులో నువ్వూ బాగున్నావని తలుస్తాను.

అమ్మ తింటోందా అని అడిగావు. రెండోసారి కీమో మందు ఎక్కించాక నాలుగు రోజులు ఏదీ కడుపులో నిలవలేదు. నిన్నటి నుంచి రాగి అంబలి తాగుతోంది. ఆపరేషన్ కుట్లు మానాయి, జుట్టు మాత్రం రాలిపోయింది. మదనపల్లెకు బస్సులో నేనే తీసుకెళ్ళి తీసుకొస్తున్నాను.

ఆ బస్సులో కూడా నీ మాటే. పక్కన ఎవరు కూర్చున్నా, "మా సిన్నబిడ్డ కుప్పంలో సదివి, బెంగళూర్లో ఈ జబ్బు మీదే పని చేస్తాండాది" అంటుంది. వాంతి గిన్నె పట్టుకున్న నన్ను చూపించి, "ఇది పెద్దది" అని ఊరుకుంటుంది. నీ మీద నాకు కుళ్ళు. నువ్వు కుప్పం కాలేజీలో చేరిన రోజు నుంచీ ఉంది.

నువ్వు పరిశోధన చేస్తున్న ఆర్‌ఎన్‌ఏ గురించి రాసింది రెండుసార్లు చదివాను. పొడుగ్గా ఉంటుందట, తానుగా ప్రొటీన్ ఏదీ చేయదట. ఏ జీన్ పనిచేయాలో, ఏది నోరు మూసుకోవాలో చెబుతుందట. అది మితిమీరితే గడ్డ రొమ్ము దాటి ఇంకోచోటికి పాకుతుందని రాశావు. అమ్మ గడ్డలో అది ఎంత ఉందో చూస్తానని, ఆపరేషన్‌లో తీసి ఆస్పత్రివాళ్ళు చెడిపోకుండా మైనంలో దాచిన ముక్క కోసం అమ్మ సంతకం అడిగావు. అమ్మ ఎందుకు ఒప్పుకోలేదు, ఫోన్‌కు ఎందుకు రావడంలేదు అని ఇప్పుడు అడుగుతున్నావు.

నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా అమ్మ నిద్రపోతోందని నేను చెప్పింది అబద్ధం. నువ్వు పంపిన కాగితం వచ్చిన రోజు అమ్మ సంతకానికి పెన్ను పట్టుకుని, "సూసినావా, నా గడ్డ గూడా నా బిడ్డకు పనికొస్తాది" అని నవ్వింది. ఆ నవ్వు నేను చూడలేకపోయాను. "దానికి కావల్సింది నీ గడ్డమ్మా, నువ్వు గాదు" అన్నాను. అమ్మ పెన్ను కింద పెట్టేసి గోడవైపు తిరిగి పడుకుంది. నేను చేసిందేమీ లేదు, పక్కన కూర్చుని ఒక మాట చెప్పానంతే. నీ ఆర్‌ఎన్‌ఏ చేసేదీ అంతే కదా.

నిన్న ఉండబట్టలేక అమ్మకు చెప్పేశాను, ఆ మాట నీ మనసులోది కాదు, నా కుళ్ళు అని. తిడుతుందనుకున్నాను. నా చెయ్యి పట్టుకుని, "దానికి కావల్సింది అది అడిగింది, ఇచ్చేస్తా. నీకేం కావల్ల? నువ్వెప్పుడూ అడగలేదే" అంది.

సంతకం చేసిన కాగితం ఇందులో పెట్టాను. అమ్మ నీ ఫోన్ కోసం చూస్తోంది. కుళ్ళు పోయిందని మాత్రం రాయను. ఫోన్ చేసినప్పుడు ముందు నాతో రెండు మాటలు మాట్లాడు. ఆ తర్వాత అమ్మకు ఇస్తాను.

ఇట్లు,
నీ అక్క
ఆదిలక్ష్మి